ఏడో నంబరు ఛాతీ

పోయిన వారం మనం చిట్టిని భోజనాల బల్ల దగ్గర వదిలేసి వచ్చాం. విగ్రహాల కార్ఖానాలో పోతలకు నునుపు పెట్టే పని చిట్టిది. ఆ పూట తింటూ తింటూ తన పనితనం గురించి గొప్పగా చెప్పుకుంది. "పన్నెండు మంది మగవాళ్ళ ఛాతీలు పోత పోసి ప్రదర్శనకి పెడుతున్నాం కదా, అందులో ఏడో నంబరు పాడైపోతే బాగుచేసింది నేనే" అంది. ఏం పాడైందని నాన్న అడిగాడు. "కుడివైపు ఛాతీయే రాలేదు నాన్నా. అడ్డంగా ఒక గీత, అంతే. గీత చెరిపేసి కొత్త ఛాతీ పెట్టేశాను. ఇప్పుడు చూడాలి వాణ్ని, మగాడిలా ఉన్నాడు." నాన్న చేతిలోని ముద్ద కంచంలోకి జారిపోయింది. సగం భోజనం వదిలేసి, చెయ్యి కడుక్కుని, సెలవురోజని కూడా చూడకుండా తన వ్యాయామశాల తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. కూరలో ఉప్పెక్కువైందేమోనని అమ్మ రుచి చూసింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం.

కార్ఖానా వెనక గదిలో, పొడుగాటి బల్ల మీద పన్నెండు ఛాతీలు వరసగా నిలబెట్టి, వాటి మీద తెల్లగుడ్డలు కప్పి ఉన్నాయి. రేపే ప్రదర్శన. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఆ పన్నెండుమందీ వచ్చి ఎవరిది వాళ్ళు చూసుకోవాలి. ఎవరికి నచ్చకపోయినా సరే, వాళ్ళది తీసేస్తానని శిల్పి మేడం ముందే మాటిచ్చింది. ముఖాలు లేవు, పేర్లు లేవు. మెడ కింది నుంచి బొడ్డు దాకా, ఒక్కో దానికీ ఒక్కో నంబరు.

మేడంకి యాభై దాటాయి. పొట్టి జుట్టు, జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. మాట మెల్లగా ఉంటుంది, కోపమొస్తే ఇంకా మెల్లగా అవుతుంది. ఆవిడ ఒక్కొక్క గుడ్డే తీసుకుంటూ వస్తోంది. మొదటిది మూటలు మోసే మనిషిది. ఒక భుజం మీద పలుపు ఒరిసి ఒరిసి కాలువ పడింది. రెండోది ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను మీద వంగిన దర్జీది. లోపలికి గుంట పడి, పక్షి గూడులా ఉంది. నాలుగోది ఒక ముసలాయనది. చర్మం కింద గుండెకి పెట్టిన చిన్న డబ్బా అగ్గిపెట్టెలా పైకి ఉబికి ఉంది. చిట్టి వెనకాలే నడుస్తోంది. ఏడో నంబరు దగ్గరికి వస్తుంటే ఆమెకు కడుపులో గోరువెచ్చగా అనిపించింది. మెప్పు అందుకోబోయే ముందు ఎవరికైనా అలాగే ఉంటుంది.

మేడం గుడ్డ తీసింది.

"ఇదేంటమ్మా?"

"ఏడో నంబరు మేడం."

"నంబరు కనిపిస్తోంది. ఏడో మనిషేడీ అని అడుగుతున్నాను."

చిట్టికి అర్థం కాలేదు. "పోత సరిగ్గా రాలేదు మేడం. కుడివైపు చనుమొన లేదు, కండ లేదు. అడ్డంగా అతుకు గీత. మీరు ప్రదర్శన హాలు దగ్గర ఉన్నారు, అచ్చులు తీసే తాత జ్వరంతో రాలేదు. అందుకని నేనే..."

"అచ్చు రెండు ముక్కలూ ఎక్కడ కలుస్తాయి?"

"పక్కటెముకల దగ్గర."

"మరి అతుకు గీత ఛాతీకి అడ్డంగా ఎందుకొస్తుంది?"

"రబ్బరు ఊడిరాకపోతే తాత కత్తితో కోసి తీస్తాడు కదా మేడం. ఆ కోత పోతలో గీతలాగా పడుతుంది. ఇదీ అలాంటి కోతే అనుకున్నాను."

మేడం పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఆవిడ గొంతు దాదాపు వినబడనంత మెల్లగా అయిపోయింది.

"కోతే. కానీ రబ్బరుది కాదు."

గది మూలలో బాల్చీ కడుగుతున్న అచ్చుల తాత చేతులు ఆగిపోయాయి.

"ఆయనకి రొమ్ము క్యాన్సరు వచ్చింది. ఏడాదిన్నర కిందట తీసేశారు. అక్కడ ఏమీ లేకపోవడమే ఆ మనిషి. దాన్నే నువ్వు పూడ్చేశావు."

"మగవాళ్ళకి..." అని చిట్టి ఆగిపోయింది.

"మగవాళ్ళకీ వస్తుంది. ఆయన చొక్కా విప్పేదాకా నాకూ తెలీదు." మేడం లేచి, బాగుచేసిన ఛాతీ మీద సుద్దముక్కతో చిన్న గీత గీసి, మళ్ళీ వేలితో చెరిపేసింది. "ఈ కండ ఎక్కణ్ణుంచి తెచ్చావు? ఇంత బాగా ఎలా అతికింది?"

చిట్టి తలెత్తకుండా అటకవైపు చెయ్యి చూపించింది. అక్కడ, దుమ్ములో, పాత ఛాతీ ఉంది.

పాత ఛాతీ గురించి ఒక మాట చెప్పాలి. ఆ కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్న అచ్చు అది. ఊళ్ళో కూడళ్ళలో నిలబడ్డ యోధుడికీ, నాయకుడికీ, బడి కట్టించిన దాతకీ, అందరికీ అదే ఛాతీ. బతికినన్నాళ్ళూ ఉబ్బసంతో ఈడ్చుకొచ్చిన దాతగారు కూడా, చనిపోయి దిమ్మెక్కాక రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. తాత ఎప్పుడూ అంటుంటాడు: "ఒకటే మొండేనికి ఎనిమిది తలలు మార్చాం. తలకే తగాదా గాని, ఛాతీ గురించి ఎవరూ పేచీ పెట్టలేదు." చిట్టి ఆ అచ్చు కుడి సగం నుంచి మైనంతో ముద్ర తీసి, ఏడో నంబరు మీద కూర్చోబెట్టింది. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. ఇది మన చేతి మహిమ అనుకుని అప్పుడు మురిసిపోయింది కూడా.

"నిన్ను తిట్టి ఏం లాభం" అంది మేడం. "ముప్ఫై ఏళ్ళుగా మేం చేసిన పనే నువ్వూ చేశావు. మగాడంటే ఇలా ఉండాలి, లేకపోతే పోత పాడైనట్టు." గడియారం చూసింది. "అచ్చు భద్రంగానే ఉంది. అయిదింటికి ఆయన వస్తాడు. ఈలోగా మళ్ళీ పొయ్యండి. ఈసారి ఎవరూ ఏమీ గీకొద్దు."

మేడం వెళ్ళాక, తాత అచ్చును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. బయట గట్టి ప్లాస్టరు గుల్ల, లోపల మెత్తటి రబ్బరు. పోతలో ఎత్తుగా వచ్చేదంతా అచ్చులో గుంటగా ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు చూస్తే ఒక మనిషి అందులోంచి లేచి వెళ్ళిపోయినట్టు ఉంటుంది.

"మొదటి పూత నేను వేస్తాను తాతా. నీకు చేతులు వణుకుతున్నాయి."

"జ్వరం తగ్గాక వణుకు మిగిలిందే పిల్లా. వెయ్యి." తాత ఎందుకో ఆమె ముఖంలోకి చూడలేదు.

చిట్టి ప్లాస్టరు పల్చగా కలిపి, వేళ్ళతో రబ్బరు మీద రాయడం మొదలుపెట్టింది. మొదటి పూత ఎప్పుడూ చేత్తోనే వెయ్యాలి, లేకపోతే సందుల్లోకి పోదు. కిందటిసారి పోసింది వేరే పనివాడు, తను నునుపు మాత్రమే పెట్టింది. ఆ రోజు ఈ పోత మీద మూడు బొడిపెలు కనిపించాయని ఆమెకు గుర్తుంది. రబ్బరులో గాలిబుడగ చిక్కుకుంటే అక్కడ గుంట పడుతుంది, పోతలో అది బొడిపెగా లేస్తుంది. బొడిపె కనిపిస్తే ఆకురాయితో గీకెయ్యడమే. అలా ఆ రోజు మూడూ పది నిమిషాల్లో గీకేసింది.

ఇప్పుడు వేలికి మొదటి గుంట తగిలింది, పొట్ట దగ్గర. టార్చి వేసి చూసింది. గుండ్రంగా, గాజులా నున్నగా ఉంది. బుడగే. కొంచెం ఊపిరి పీల్చుకుంది.

రెండో గుంట ఎడమ భుజం దగ్గర, మెడ కింద అడ్డంగా ఉండే ఎముక మీద. టార్చి దగ్గరగా పెట్టింది. అందులో సన్నటి గీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, ఎండిన చెరువులో నెర్రెల్లా. బుడగలో గీతలుండవు. గీతలుండేది చర్మం మీద. అంటే ఇది మనిషి ఒంటి మీదిది. ఎప్పుడో విరిగి, ముడిపడి అతుక్కున్న ఎముక.

ఆమె బొటనవేలు ఆ గుంటలో ఉండిపోయింది. వేలికి ముందు తెలిసింది, తలకు తర్వాత.

అయిదేళ్ళప్పుడు నాన్న భుజాల మీద ఊరేగేది చిట్టి. ఎడమ మడమ కింద గట్టిగా ఒక ముడి తగిలేది. ఇదేంటి నాన్నా అంటే, "పోటీల్లో ఇనుము జారి పడిందే. ఇది బండి బ్రేకు. నొక్కితే ఆగుతుంది" అనేవాడు. ఆమె మడమతో నొక్కేది. నడిబజార్లోనైనా సరే, నాన్న ఠక్కున ఆగిపోయేవాడు. వెనక వచ్చేవాళ్ళు గుద్దుకుని తిట్టుకునేవాళ్ళు. మళ్ళీ నొక్కితే కదిలేవాడు.

"తాతా" అంది. "ఏడో నంబరు ఎవరు?"

తాత బాల్చీ కింద పెట్టాడు. "నీకు తెలిసిపోయిందనే అనుకున్నాను పిల్లా. తెలిసీ నోరు కట్టేసుకుని పని చేసుకుంటున్నావనుకున్నాను. నేను జ్వరం నుంచి లేచొచ్చేసరికి అది గుడ్డ కప్పి ఉంది. ఇవాళ గుడ్డ తీశాక తెలిసింది, నీకేమీ తెలీదని."

"మా నాన్నేనా?"

"ఆ పాత ఛాతీ ఎవరిదనుకున్నావు? పెళ్ళికి ముందు మీ నాన్న కండల పోటీల్లో గెలిచిన ఏడు, నేనే అచ్చు తీశాను. అద్దెకి ఒళ్ళు చూపించాడంటారని ఎవరికీ చెప్పొద్దన్నాడు. అయిదు వారాల కిందట మళ్ళీ వచ్చాడు. ఆదివారం, నువ్వు రాని రోజు చూసుకుని. చొక్కా విప్పాక చూశాను. ఇంట్లో తెలుసా అన్నాను. తెలీదన్నాడు."

చిట్టికి ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటున్నాయి. ఏడాదిన్నర కిందట, కుర్రాళ్ళకి శిక్షణ శిబిరమని చెప్పి నాన్న ఆరు వారాలు ఇంటికి రాలేదు. వచ్చినప్పట్నుంచి నడుం పట్టేసిందని హాల్లో నేల మీద పడుకుంటున్నాడు. స్నానాల గదిలోంచి బనీను తొడుక్కునే బయటికి వస్తున్నాడు. "ఈ వయసులో కొత్త పెళ్ళికూతురి సిగ్గు పట్టుకుంది మీ నాన్నకి" అని అమ్మ నవ్వితే, తనూ నవ్వింది.

"మరి ఇక్కడికెందుకు వచ్చాడు తాతా? నేను పనిచేసే చోటికే?"

"నువ్వు పనిచేసే చోటనే వచ్చాడే. 'మా అమ్మాయి చేతికి వస్తుందిగా, అన్నా. అది చూస్తే తెలుసుకుంటుంది. నోటితో చెప్పడం నా వల్ల కావట్లేదు' అన్నాడు."

ఈ అయిదు వారాలూ భోజనాల దగ్గర నాన్న తన ముఖంలో ఏం వెతికాడో చిట్టికి ఇప్పుడు తెలిసింది. నిన్న ఏం విన్నాడో కూడా తెలిసింది. ఇప్పుడు చూడాలి వాణ్ని, మగాడిలా ఉన్నాడు. ఆ మాట అన్నది తన నోరే.

"పిల్లా, పూత గట్టిపడుతోంది" అన్నాడు తాత. ప్లాస్టరు ఎవరి కోసమూ ఆగదు. కలిపాక ఏడుపొచ్చినా నవ్వొచ్చినా పూయాల్సిందే. చిట్టి కుడివైపుకి జరిగింది. పొడుగ్గా, కొంచెం వంకరగా ఉన్న ఆ కోత మీదుగా వేళ్ళు మెల్లగా నడిపింది. అది చంకదాకా పోయింది. అక్కడ, చంక అంచున, మూడో గుంట తగిలింది.

వేరుశనగ గింజంత ఉంది. ఆమె టార్చి వెంటనే వెయ్యలేదు. బుడగ కావాలని లోపల మొక్కుకుని అప్పుడు వేసింది.

గీతలున్నాయి. చర్మం బిగుసుకుని సాగినట్టు, సన్నగా, వరసగా.

"తాతా, ఇది నువ్వు చూశావా? అచ్చు తీసేటప్పుడు ఒంటి మీద?"

తాత కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు. "లేదే. ఆ చెయ్యి ఇంకాస్త పైకెత్తమన్నాను. చాల్లేవయ్యా అన్నాడు. నేనూ చాల్లే అనుకున్నాను."

అంటే ఇది అయిదు వారాల కిందటే ఉంది. రెండు వారాల కిందట పోతలో తన కళ్ళముందే ఉంది. ఆకురాయితో నాలుగు గీకులు గీకి, మీద ఊది, దుమ్ము దులిపేసింది తను.

మిగతా పోత ఎలా పోసిందో చిట్టికి సరిగ్గా గుర్తులేదు. గోనెపీచు ముంచి పరచడం, రెండో పూత, మూడో పూత, చేతులే చేసుకుపోయాయి. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. పోత వెనకవైపు అరచెయ్యి ఆనించి చూస్తే, చొక్కా మీంచి మనిషి వీపు తాకినట్టు వెచ్చగా ఉంది. ఆ వేడి పోయేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.

అయిదింటికి మగవాళ్ళు రావడం మొదలైంది. పెళ్ళిచూపులకి వచ్చినట్టు అందరూ తలదువ్వుకుని వచ్చారు. మూటలు మోసే మనిషి తన ఛాతీ ముందు నిలబడి, "ఇంత పొట్ట నాదేనా? మా ఆవిడ చెబితే అబద్ధమనుకున్నాను" అన్నాడు. దర్జీ తన గుంటలో వేలు పెట్టి, "ఇందులో దారపుండ పెట్టుకోవచ్చు" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా నవ్వారు.

నాన్న అందరికంటే వెనక వచ్చాడు. మెడదాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా. తిన్నగా ఏడో నంబరు దగ్గరికి వచ్చాడు. అక్కడ పక్కపక్కన రెండున్నాయి. బాగుచేసినది గుడ్డ కింద ఉంది, కొత్తగా పోసినది ఇంకా తడిగా ఉంది. దాని మీది గుడ్డ చిట్టి చేతిలో ఉంది.

నాన్న దాన్ని చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు.

"ఈసారి నేనేమీ గీకలేదు నాన్నా."

"నిన్న నువ్వు చెప్పింది విని..." నాన్న గొంతు సవరించుకున్నాడు. "పోనీలే, డాక్టరు తీసేస్తే మా అమ్మాయి పెట్టేసింది, లెక్క సరిపోయింది అనుకున్నాను."

"జోకులెయ్యకు నాన్నా."

"సరే, వెయ్యను."

"ఆస్పత్రికి ఎప్పుడు వెళ్ళావు చివరిసారి?"

ఆయన తన ఛాతీ వైపే చూస్తూ చెప్పాడు. "అక్కడ వరసలో అందరూ ఆడవాళ్ళే చిట్టీ. నేను వెళ్ళి కూర్చుంటే, పక్కావిడ జరిగి, 'మీ ఆవిడకా అన్నయ్యా' అంటుంది. నర్సు పిలుస్తుంది, లేచి నిలబడితే, 'పేషెంటుని రమ్మనండి' అంటుంది. రెండుసార్లు లోపలికి వెళ్ళాను. మూడోసారి గేటు దగ్గర నా దగ్గర కసరత్తు చేసే కుర్రాడు కనిపించాడు. 'ఏంటి మాస్టారూ ఇక్కడ' అన్నాడు. ఎవర్నో చూడ్డానికని చెప్పి వెనక్కొచ్చేశాను."

"ఎన్నాళ్ళయింది?"

"పది నెలలు."

చిట్టి ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, చూపుడువేలు తీసుకెళ్ళి పోత చంక అంచున పెట్టింది. తడి ప్లాస్టరు చల్లగా తగలగానే ఆయన వేలు వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఇది తెలుసా నీకు?"

"పోతల్లో ఇలాంటివి వస్తుంటాయన్నావుగా. బుడగలు."

"అచ్చులో టార్చి వేసి చూశాను నాన్నా. చర్మం గీతలున్నాయి. బుడగ కాదు."

ఆయన ముఖంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది. తెలియని మాట విన్నవాడిలా లేడు. తెలిసినదాన్ని ఇంకొకరి నోట విన్నవాడిలా ఉన్నాడు.

"కుడిచెయ్యి పైకెత్తు."

"ఇంతమందిలో..."

"ఎత్తు నాన్నా."

ఎన్ని వేదికల మీద, ఎంతమంది ముందు, దీపాల వెలుగులో ఆ రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడో ఆయన. వ్యాయామశాల గోడ మీద ఇప్పటికీ ఆ ఫోటో ఉంది. ఇప్పుడు కుడిచెయ్యి లేచింది. రెండో గుండీ దాకా వచ్చింది. అక్కడ ఆగి, వణికింది. వేదిక మీద నవ్వే నవ్వు ఒకటి ఆయన పెదాల మీదికి వచ్చి, నిలవలేక పోయింది.

"ఇంతే చిట్టీ. నెల నుంచి ఇంతే."

ఆమె ఆ చేతిని అందుకోబోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. సంబరంగా, కొంచెం బిడియంగా, కొత్త చోటికి వచ్చిన మనిషి గొంతులా.

"ఏడో నంబరు ఎటువైపు బాబూ? మా అమ్మాయి బాగుచేసిందట, చూసిపోదామని వచ్చాను."

అమ్మ.

నాన్న చెయ్యి దభాలున కిందికి పడింది. "కప్పెయ్" అన్నాడు, పెదాలు కదపకుండా. "దాన్ని కప్పేసి ఆ రెండోది చూపించు. చిట్టీ, నీకు దణ్ణం పెడతాను."

గుడ్డ ఆమె చేతిలోనే ఉంది. ఒక్క అడుగు వేస్తే చాలు. పక్కనే, గుడ్డ కింద, తను చెక్కిన నిండు ఛాతీ సిద్ధంగా ఉంది. దాన్ని చూస్తే అమ్మ మురిసిపోతుంది.

మూటల మనిషి దారి చూపిస్తున్నాడు. అమ్మ ఒక్కొక్కటే చూసుకుంటూ, నంబర్లు పైకి చదువుకుంటూ వస్తోంది. నాలుగు. ఇదేంటి, ఇక్కడ అగ్గిపెట్టెలా ఉంది, పాపం. అయిదు.

ఆరో నంబరు దగ్గర అమ్మ ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుంది.